ఏడేళ్లంటే ఎన్నేళ్లు? ఒలీవియా డి హావిలాండ్ తేల్చిన లెక్క

ఒలీవియా డి హావిలాండ్ లెక్క ప్రకారం 1943 మే 5తో వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో ఆమె కొలువు ముగిసిపోయింది. అదే కాంట్రాక్టు కాగితం దగ్గర పెట్టుకుని స్టూడియో వేసిన లెక్క ప్రకారం ఆమె ఇంకా దాదాపు ఆరు నెలల పని బాకీ ఉంది. కాగితం ఒకటే, సంతకాలు అవే, తేదీల మీద కూడా ఎవరికీ పేచీ లేదు. తేడా అంతా ‘ఏడేళ్లు’ అన్న చిన్న మాటకు ఎవరు ఏ అర్థం చెప్పుకున్నారన్న దగ్గరే వచ్చింది. ఆ అర్థం తేల్చమని అడుగుతూ 27 ఏళ్ల నటి, తనకు అన్నం పెడుతున్న సంస్థ మీద 1943 ఆగస్టులో కోర్టుకెక్కింది. ఏడాదిన్నరకు వచ్చిన తుది ఫలితాన్ని కాలిఫోర్నియా లాయర్లు ఇప్పటికీ ఆమె పేరుతోనే ‘డి హావిలాండ్ చట్టం’ అని పిలుస్తారు.

మన ప్రేక్షకుల్లో చాలామందికి ఆమె ‘గాన్ విత్ ద విండ్’లోని మెలనీగానే గుర్తు. ఎవరెన్ని అన్నా నొచ్చుకోని, గొంతు పెంచని, ఎదుటివాళ్లలో మంచినే చూసే ఇల్లాలి పాత్ర అది. ఆ పాత్ర ఆమెకు అంత అతికినట్టు సరిపోవడం వల్లనో ఏమో, ఆమె జీవితాన్ని చెప్పేవాళ్లు సాధారణంగా రెండు దారులే పడతారు: ఒకటి కథానాయకుడు ఎరల్ ఫ్లిన్‌తో జంట, రెండోది సొంత చెల్లెలు జోన్ ఫాంటేన్‌తో వైరం. రెండూ నిజాలే గానీ, ఆ రెంటి మధ్య అసలు సంగతి మరుగున పడుతుంది. ఆమె నటజీవితంలోని మంచి భాగమంతా కోర్టు తీర్పుకు ఆవలి వైపే ఉంది. ఆ తీర్పు ఎలా వచ్చిందో తెలియకపోతే ఆమె సినిమాల వరుస కూడా అర్థం కాదు.

ఒలీవియా 1916 జులై 1న టోక్యోలో ఆంగ్లేయ దంపతులకు పుట్టింది. తండ్రి వాల్టర్ అక్కడ పేటెంట్ల లాయరు, తల్లి లిలియన్ నటన నేర్చిన మనిషి. మరుసటి ఏడాది చెల్లెలు పుట్టింది. 1919లో తల్లి ఇద్దరు పిల్లలతో కాలిఫోర్నియా చేరింది, తండ్రి జపాన్‌కు వెనుదిరిగాడు. పిల్లలు శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన సారటోగా అనే చిన్న ఊళ్లో పెరిగారు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న మనిషి ఇంటిపేరు ఫాంటేన్. చెల్లెలు తరువాత తెరపేరుగా పెట్టుకున్నది ఆ పేరునే.

సినిమాకు ఆమె వచ్చిన తీరులో అదృష్టం పాలు ఎక్కువ. 1934లో ఆస్ట్రియా దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్, షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకాన్ని హాలీవుడ్ బౌల్ ఆరుబయలు రంగస్థలం మీద వేయించాడు. హెర్మియా వేషానికి అసలు నటి ఒకరు, ఆమె రాకపోతే వేయడానికి ఒకరు ఉండగా, ఆ ఇద్దరూ రాని పక్షంలో వేయడానికి ఒలీవియాను పెట్టుకున్నారు. ఇద్దరూ వేరే పనుల మీద తప్పుకోవడంతో పద్ధెనిమిదేళ్ల పిల్ల రంగస్థలమెక్కింది. అదే నాటకాన్ని వార్నర్ బ్రదర్స్ సినిమాగా తీస్తూ ఆమెనే తీసుకుంది, కాంట్రాక్టు మీద సంతకమూ పెట్టించుకుంది. 1935లో ‘కాప్టెన్ బ్లడ్’తో ఎరల్ ఫ్లిన్ పక్కన ఆమె కథానాయిక అయింది. 1941 దాకా ఆ జంట ఎనిమిది సినిమాల్లో కనిపించింది. 1936 ఏప్రిల్‌లో పాత కాంట్రాక్టు స్థానంలో కొత్తది వచ్చింది. దాని కింద పని మొదలైన తేదీ 1936 మే 5. ఈ తేదీని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

ఆనాటి కాంట్రాక్టు ఎలా ఉండేదో చూడకుండా ముందుకు పోలేం. మద్రాసులో జెమినీ, విజయా వంటి సంస్థలు ఒకప్పుడు నటీనటులను నెలజీతాల మీద పెట్టుకున్న సంగతి తెలిసినవాళ్లకు ఇది పూర్తిగా కొత్తగా తోచకపోవచ్చు గానీ, హాలీవుడ్ కాగితం అంతకన్నా చాలా బిగువైనది. పేరుకు అది ఏడేళ్ల ఒప్పందం. నిజానికి అది 52 వారాల ఒప్పందం. ఆ తరువాత ఒక్కో ఏడాది చొప్పున ఆరుసార్లు పొడిగించుకునే హక్కు స్టూడియోకు ఉంటుంది. పొడిగిస్తే నటి పని చేసి తీరాలి, పొడిగించకపోతే ఇంటికి పోవాలి. అంటే ఏడేళ్లకు కట్టుబడింది ఒక్క నటి మాత్రమే, స్టూడియో ఏ ఏటికాయేడు తప్పుకోవచ్చు. ఏడాదిలో జీతం ముట్టేది కూడా సాధారణంగా 40 వారాలకే, మిగతా 12 వారాలు జీతం లేని విరామం. ఏ వేషం వేయాలో స్టూడియో చెబుతుంది. వేరే సంస్థకు ఆమెను అరువివ్వాలనుకుంటే ఇస్తుంది; ఆ సంస్థ దగ్గర ఎక్కువ సొమ్ము వసూలు చేసి, ఆమెకు మాత్రం కాంట్రాక్టులో రాసుకున్న జీతమే ఇచ్చి, తేడా తన పెట్టెలో వేసుకోవచ్చు.

వీటన్నిటి కన్నా గట్టి ముడి సస్పెన్షన్. దాన్ని ఒక ఊహా లెక్కతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. స్టూడియో ఒక నటికి ఒక వేషం పంపింది, ఆమె అది తనకు తగదని కాదంది అనుకుందాం. వెంటనే ఆమె జీతం ఆగిపోతుంది. ఆ వేషాన్ని ఇంకో నటి వేసి ముగించేదాకా, అంటే పన్నెండు వారాలు పడితే పన్నెండు వారాలూ, ఆమె బయట ఎక్కడా పని చేయకూడదు. కథ అక్కడితో అయిపోతే అది జీతం కోత మాత్రమే. కానీ ఆ పన్నెండు వారాలను స్టూడియో కాంట్రాక్టు చివర అతికిస్తుంది. ఆ అతికించిన పన్నెండు వారాల్లో మరో నాసిరకం వేషం పంపవచ్చు, ఆమె మళ్లీ కాదంటే మళ్లీ అతుకు. కాబట్టి కాదనే ధైర్యం ఎంత ఎక్కువ ఉంటే చెర అంత పొడుగవుతుంది. వేషాల విషయంలో పట్టింపు లేని నటి ఏడేళ్లలో బయటపడుతుంది. పట్టింపున్న నటికే అంతు కనపడదు. ఈ తలకిందుల తర్కమే ఆ కాంట్రాక్టులోని అసలైన తెలివి అని నాకు అనిపిస్తుంది.

ఒలీవియాకు వేషాల మీద పట్టింపు ఉంది. వార్నర్ బ్రదర్స్ ప్రధానంగా మగవాళ్ల సినిమాల స్టూడియో. కత్తియుద్ధాల నడుమ కథానాయకుడి భుజానికి ఆనుకునే అమ్మాయిగా ఆమెను చూడటానికే అక్కడివాళ్లు అలవాటుపడ్డారు. 1938లో ‘గాన్ విత్ ద విండ్’ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ఆమెను మెలనీ వేషానికి అడిగితే, జాక్ వార్నర్ అరువివ్వనన్నాడు. ఆమె యజమానిని బతిమాలడం మాని, బెవర్లీ హిల్స్‌లోని బ్రౌన్ డర్బీ హోటల్‌లో ఆయన భార్య ఆన్‌ను టీకి పిలిచి తన మనసు విప్పింది. ఆన్ చెప్పాక జాక్ ఒప్పుకున్నాడు. ఆ సినిమాతో ఆమెకు సహాయనటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ వచ్చింది (బహుమతి అదే సినిమాలో మామీ వేషం వేసిన హాటీ మెక్‌డానియల్‌కు దక్కింది). 1941లో పారమౌంట్‌కు అరువు వెళ్లి చేసిన ‘హోల్డ్ బాక్ ద డాన్’తో ఉత్తమ నటి నామినేషన్ వచ్చింది. రెండు నామినేషన్లూ అరువు సినిమాలవే. సొంత స్టూడియో తనకు ఇవ్వనిది ఏమిటో ఆమెకు ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పాలి? తిరిగి వచ్చాక మళ్లీ అవే వేషాలు పంపడం, ఆమె కాదనడం, సస్పెన్షన్. ఇలా పోగుపడిన వారాలే 1943 మే 5 నాటికి దాదాపు ఆరు నెలలయ్యాయి.

ఆమెకన్నా ముందు అదే స్టూడియో మీద తిరగబడి ఓడిపోయిన నటి ఉంది. బెట్టీ డేవిస్ 1936లో ఇంగ్లండు వెళ్లి అక్కడి నిర్మాతకు సినిమా చేయబోతే, వార్నర్ బ్రదర్స్ లండన్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆపుదల ఉత్తర్వు, తెచ్చింది. అప్పటి ఆమె భర్త ఇంటిపేరుతో నమోదైన ఆ ‘వార్నర్ బ్రదర్స్ వర్సెస్ నెల్సన్’ కేసు మన దేశంలో కాంట్రాక్టు చట్టం చదివిన విద్యార్థులకూ పరిచయమే. నిన్ను బలవంతంగా నటించమనం, కానీ ఒప్పందం నడుస్తుండగా ఇంకొకరికి నటించనివ్వం. వేరే ఏ పనైనా చేసుకుని బతకవచ్చు అన్నది క్లుప్తంగా ఆ తీర్పు సారం.

బెట్టీ డేవిస్ ఓడి, ఒలీవియా గెలవడానికి కారణాన్ని చాలామంది ధైర్యంలోనో కాలం మారడంలోనో వెతుకుతారు. ఇద్దరిలో ధైర్యానికి కొదవ లేదు. తేడా వేసిన ప్రశ్నలో ఉంది. డేవిస్ పోరాటం గడువు ఇంకా నడుస్తున్న కాంట్రాక్టు మీద. అది తనను బానిసను చేస్తోందన్నది ఆమె వాదన. కాగితం చదివి, సంతకం పెట్టి, జీతం పుచ్చుకున్న మనిషి ఆ వాదన చేస్తే ఏ న్యాయమూర్తికైనా అనుమానమే వస్తుంది. ఒలీవియా తరఫు లాయరు మార్టిన్ గ్యాంగ్ అటు పోనే లేదు. కాంట్రాక్టు మంచిదా చెడ్డదా, జీతం చాలా చాలదా, వేషాలు గొప్పవా నాసివా అన్న గొడవలన్నీ పక్కనపెట్టి, ఆయన కాలిఫోర్నియా చట్టంలోని ఒక్క వాక్యాన్ని మాత్రం కోర్టు ముందుంచాడు.

ఆ వాక్యం కార్మిక చట్టంలోని 2855వ సెక్షన్‌ది. వ్యక్తిగత సేవ చేస్తానని రాసిచ్చిన ఒప్పందాన్ని, ఆ సేవ మొదలైన నాటి నుంచి ఏడేళ్లు దాటాక ఉద్యోగి మీద అమలు చేయడానికి వీల్లేదన్నది దాని తాత్పర్యం. ఇది సినిమావాళ్ల కోసం పుట్టిన నిబంధన కాదు. 1872లో కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లో చేరినప్పుడు ఆ గరిష్ఠ గడువు రెండేళ్లే. 1919లో అయిదేళ్లకు, 1931లో ఏడేళ్లకు పెంచారు. 1937లో కార్మిక చట్టంలోకి మార్చారు. ఎవరూ ఎవరికీ బతుకంతా వెట్టికి రాసివ్వకూడదన్న పాత ఆలోచన దాని వెనుక ఉంది. స్టూడియోల కాంట్రాక్టులు ఏడేళ్లకే ఎందుకు ఉండేవన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది: చట్టం ఒప్పుకునే చివరి గీత దాకా వాళ్లు సాగదీశారు, సస్పెన్షన్ అతుకులతో ఆ గీత కూడా దాటవచ్చనుకున్నారు.

వార్నర్ తరఫు వాదన తెలివితక్కువది కాదు. చట్టం చెప్పింది ఏడేళ్ల సేవ గురించి, నటి ఇంట్లో కూర్చున్న వారాలు సేవ కావు, కాబట్టి వాటిని తీసేసి లెక్కించాలి అన్నది మొదటి మెట్టు. సస్పెన్షన్ వారాలు చివర కలుస్తాయని ఆమె స్వయంగా సంతకం పెట్టింది గనుక, చట్టం ఇచ్చిన రక్షణను ఆమె వదులుకున్నట్టే అన్నది రెండో మెట్టు. బయటి మనిషికి ఇది న్యాయంగానే వినిపిస్తుంది: చేయని పనికి బాకీ తీర్చమంటే తప్పేముంది?

1944 మార్చిలో లాస్ ఏంజెలెస్ సుపీరియర్ కోర్టు ఒలీవియా పక్షాన తీర్పిచ్చింది. స్టూడియో అప్పీలుకు వెళ్లింది. అదే ఏడాది డిసెంబరు 8న అప్పీలు కోర్టు, న్యాయమూర్తి క్లెమెంట్ షిన్ రాసిన తీర్పులో, పై రెండు మెట్లనూ విరగ్గొట్టింది. ఏడేళ్లంటే క్యాలెండర్ మీద ఏడేళ్లే. పని చేసిన రోజులను మాత్రమే ఏరి కలుపుకుంటూ పోతే గడువు ఏడేళ్లు కాదు, మనిషి పని చేయగలిగినంత కాలమూ సాగుతుంది, అప్పుడిక చట్టం ఉండీ లేనట్టే. రెండోది ఇంకా ముఖ్యం: ఈ రక్షణ ఉద్యోగి సొంత ఆస్తి కాదు, సమాజ హితం కోసం పెట్టిన నియమం, కాబట్టి ముందే సంతకం పెట్టి దాన్ని వదులుకునే అధికారం ఉద్యోగికి కూడా లేదు. కాంట్రాక్టు నిబంధనలు ఎంత కఠినంగా ఉన్నా అనుభవించాల్సింది ఏడేళ్లే అన్నమాట. 1945 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు విచారణకు నిరాకరించడంతో వ్యవహారం తీరింది.

కాగితం మీద ఇది చకచకా నడిచినట్టు కనిపిస్తుంది గానీ ఆ కాలమంతా ఆమెకు కొత్త సినిమా లేదు. ఒలీవియా ఇంకా తమ కాంట్రాక్టులోనే ఉందని వార్నర్ బ్రదర్స్ ఇతర నిర్మాణ సంస్థలకు తాఖీదులు పంపింది. కోర్టు గొడవలో ఉన్న నటిని పెట్టుకుని చిక్కులు కొనితెచ్చుకోవాలని ఎవరికుంటుంది? కథానాయికకు ఇరవై ఏడు నుంచి ఇరవై తొమ్మిదేళ్ల వయసు ఎంత విలువైనదో సినిమా రంగంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆమె రేడియో నాటకాల్లో పాల్గొంది. యుద్ధంలో గాయపడిన సైనికులను పలకరించడానికి అలాస్కా వైపు అల్యూషియన్ దీవులకు, తరువాత దక్షిణ పసిఫిక్‌కు వెళ్లి, ఫిజీలో న్యుమోనియాతో మంచం పట్టింది.

గెలిచాక ఆమె ఏం చేసిందన్నదే ఆ గెలుపుకు కొలమానం. పారమౌంట్‌లో ‘టు ఈచ్ హిజ్ ఓన్’ సినిమాకు దర్శకుడిగా మిచెల్ లీసెన్ ఉండాలని ఆమే పట్టుబట్టింది. కన్నబిడ్డను పరాయి ఇంట పెంచనిచ్చి దూరం నుంచి చూసుకునే తల్లి కథ అది. మొదటి సన్నివేశాల్లో కుర్రపిల్ల, చివరికి నడివయసు మనిషి. 1947 మార్చిలో ఆ వేషానికి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. 1948లో ‘ద స్నేక్ పిట్’ కోసం మానసిక వైద్యశాలలకు స్వయంగా వెళ్లి రోగులను, వాళ్లకిచ్చే చికిత్సలను గమనించింది. చెదిరిన జుట్టుతో, వెలిసిన బట్టతో, అందం గురించిన ఏ ఆలోచనా లేకుండా కనిపించే ఆ వేషాన్ని వార్నర్ కాలపు ఒలీవియాకు ఎవరూ ఇచ్చి ఉండేవారు కారు.

వీటన్నిటి కన్నా నాకు 1949 నాటి ‘ద హైరెస్’ ఎక్కువ. విలియం వైలర్ దర్శకుడు. డబ్బున్న డాక్టరు కూతురు కాథరిన్, తండ్రి దృష్టిలో అందమూ తెలివీ లేని పిల్ల, ప్రేమించినవాడితో రాత్రికి రాత్రే వెళ్లిపోవాలని పెట్టె సర్దుకుని ఎదురుచూస్తుంది. అతను రాడు. తెల్లవారుజామున పెట్టె పట్టుకుని మేడమెట్లెక్కుతుంది. ఆ నడకలో బరువు పెట్టెదా, మనసుదా అని చూసేవాళ్లు తేల్చుకోలేరు. ఏళ్ల తరువాత అతను తిరిగి వచ్చి తలుపు కొడుతుంటే, ఆమె దీపం చేతపట్టుకుని అవే మెట్లు ఎక్కుతుంది. ఈసారి నడుము నిటారుగా ఉంటుంది, మొహం మీద దీపం వెలుగు, వెనుక తలుపు బాదుతున్న చప్పుడు. ఒకే మెట్ల మీద రెండు నడకలు. సంభాషణ అక్కర్లేకుండా కథంతా వాటిలోనే ఉంది. రెండో ఆస్కార్ ఈ సినిమాకే వచ్చింది.

ఆమె కేసుతో హాలీవుడ్ స్టూడియో వ్యవస్థ కూలిపోయిందని తరచూ రాస్తుంటారు. అది కొంచెం ఎక్కువ చెప్పడమే. కొందరు పెద్ద నటులు అప్పటికే ఏ స్టూడియోకూ కట్టుబడకుండా సినిమా వారీగా పని చేస్తున్నారు. స్టూడియోల చేతిలోని థియేటర్లను విడదీయడానికి దారితీసిన అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ తీర్పు 1948లో వచ్చింది, ఆ వెంటనే టెలివిజన్ జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టింది. జీతగాళ్ల బారులను పోషించే స్థోమతే స్టూడియోలకు తగ్గింది. కాంట్రాక్టులు పోయింది ప్రధానంగా ఆ దెబ్బలకు. ఒలీవియా కేసు చేసింది దానికన్నా చిన్నది, కానీ మన్నిక గలది: కాంట్రాక్టుకు ఎవరూ కదపలేని చివరి తేదీ ఒకటి ఏర్పడింది. చివరి తేదీ ఖాయమని తెలిస్తే, ఆరో ఏడులో బేరానికి కూర్చునే నటి మాట తీరే వేరుగా ఉంటుంది.

ఆ మన్నిక ఎంతటిదో సంగీత కంపెనీల ఉదంతం చూపిస్తుంది. గాయకుల ఒప్పందాలు ఏళ్ల లెక్కన కాక ఆల్బమ్‌ల లెక్కన ఉంటాయి. ఏడేళ్లు కాగానే, ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు ఇవ్వకుండా వెళ్లిపోతున్నారని కంపెనీలు మొరపెట్టుకోగా, 1987లో అదే సెక్షన్‌కు ఒక సవరణ వచ్చింది. దాని ప్రకారం గాయకుడు వెళ్లిపోవచ్చు గానీ, ఇవ్వని ఆల్బమ్‌లకు నష్టపరిహారం కోరుతూ కంపెనీ దావా వేయవచ్చు. అమలు చేయించడం వేరు, నష్టం రాబట్టడం వేరు. సవరణ ఆ సందులోంచే దూరింది. 2008లో థర్టీ సెకండ్స్ టు మార్స్ బృందం ఏడేళ్ల వాదనతో తప్పుకోబోతే ఇఎమ్‌ఐ సంస్థ 3 కోట్ల డాలర్లకు దావా వేసింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఆ బృందం గాయకుడు జారెడ్ లెటో నటుడు కూడా.

1955లో ఫ్రెంచి పత్రికా సంపాదకుడు పియర్ గలాంట్‌ను పెళ్లాడాక ఒలీవియా పారిస్‌లో స్థిరపడింది. సినిమాలు తగ్గాయి. 1965లో కాన్ చిత్రోత్సవ జ్యూరీకి అధ్యక్షత వహించిన తొలి మహిళ ఆమే. చెల్లెలితో మాటలు తెగిపోయిన సంగతి మీద పుస్తకాలు నిండా రాశారు కాబట్టి ఇక్కడ ఒక్క మాట చాలు: ఉత్తమ నటి ఆస్కార్‌ను అక్కాచెల్లెళ్లిద్దరూ గెలిచిన కుటుంబం అదొక్కటే, 1942లో అక్క ఓడింది చెల్లెలి చేతిలోనే.

ఆ వైరమే ఆమెను చివరిసారి కోర్టుకు లాక్కొచ్చింది. 2017లో ఎఫ్‌ఎక్స్ ఛానల్ బెట్టీ డేవిస్, జోన్ క్రాఫర్డ్‌ల తగవు మీద తీసిన ‘ఫ్యూడ్’ ధారావాహికలో ఒలీవియా పాత్ర కూడా ఉంది. అనుమతి అడగకుండా తన పేరునూ రూపాన్నీ వాడుకున్నారని, చెల్లెలిని తిట్టినట్టు తానెన్నడూ అనని మాట తన నోట పెట్టారని ఆమె దావా వేసింది. అప్పటికి ఆమెకు నూటొక్క ఏళ్లు నిండటానికి ఒక్క రోజే ఉంది. కింది కోర్టు కేసు నడవనిచ్చింది గానీ 2018 మార్చిలో అప్పీలు కోర్టు కొట్టేసింది. నిజమైన వ్యక్తుల కథలను కల్పన కలిపి చెప్పడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమనీ, ఎవరి చరిత్ర మీదా వారికి గుత్తహక్కు ఉండదనీ తేల్చింది. 1943లో ఆమె అడిగింది ఒక చట్టంలోని ఒక మాటకు అర్థం. ఈసారి అడిగింది తన గురించి ఇతరులు ఎలా చెప్పుకోవాలన్నది. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ముందు రెండో ప్రశ్న నిలబడలేదు. 2019 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. 2020 జులై 26న, 104 ఏళ్ల వయసులో, పారిస్‌లోని తన ఇంట్లో ఆమె నిద్రలోనే కన్నుమూసింది.